కోరంగి బోర్డు మీద దాక్కున్న మాట

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కాగితం లేకపోతే పాత కరెంటు బిల్లు వెనకైనా పర్లేదు. ఏడు ఇంగ్లీషు అక్షరాలు చెప్తాను, రాసుకోండి. సి, ఓ, ఆర్, ఐ, ఎన్, జి, ఏ.

కలిపి చదివితే కోరింగ. మా కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి అని ఊరుంది కదండీ, మడ అడవులు ఉన్న ఊరు, దాని ఇంగ్లీషు స్పెల్లింగ్ అది. ఈ ఏడు అక్షరాల్లో ఒక్కటీ వదలకుండా, ఏదీ రెండోసారి వాడకుండా, అటూ ఇటూ మారిస్తే ఒక మామూలు ఇంగ్లీషు మాట వస్తుంది. మీకందరికీ తెలిసిన మాటే. ఇప్పుడు కిరాణా కొట్లో బియ్యం సంచీ మీద కూడా ఉంటోంది.

దొరికిందా? దొరికితే కామెంట్లో పెట్టకండి, పక్కవాళ్లని కూడా ఆలోచించుకోనివ్వండి. దొరక్కపోతే బాధ లేదు. నాకు ఆ మాట దొరకడానికి నాలుగేళ్లు పట్టింది. నిజంగానే నాలుగేళ్లు. దొరికిన రోజు సాయంత్రం నేను చదువు మానేద్దామని నిర్ణయించుకుని బస్సెక్కాను. ఆ కథ చెప్తాను, దాంతోపాటు అక్షరాల గుంపులోంచి మాటలు ఎలా తీయాలో పద్ధతి కూడా చెప్తాను.

అసలీ విషయం ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న సంక్రాంతికి మా అక్కావాళ్లింటికి వెళ్లాను. మా మేనకోడలు టెన్త్ చదువుతోంది. ఫోన్లో వర్డిల్ ఆడుతోంది. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఐదక్షరాల మాట, ఆరు ఛాన్సులు. జాష్ వార్డిల్ అనే ఇంజనీరు చేసిన ఆట, 2021 చివర్లో ప్రపంచమంతా పాకింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. మా పిల్ల రెండు ఛాన్సులు ఆడింది, మూడోదానికి ఇంకో సైటు తెరిచి, ఉన్న అక్షరాలు అందులో కొట్టింది. టకీమని లిస్టు వచ్చింది. అందులోంచి ఒకటి తీసి పెట్టింది, గెలిచింది.

"ఆ మాటకి అర్థం ఏంటే?" అన్నాను.

"ఏమో మావయ్యా, పచ్చరంగు వచ్చింది కదా" అంది.

"మరి ఆడింది నువ్వా, ఆ సైటా?"

"అబ్బా, దొరికిందా లేదా అన్నదే కదా మావయ్యా. ఒక్క సెకన్లో ఫోను చెప్పేదానికి నేనెందుకు గంట కూర్చోవాలి?"

ప్రశ్న మంచిదే అండీ. అప్పటికప్పుడు నాకు జవాబు రాలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే వచ్చిన జవాబే ఈ ఎపిసోడ్.

నేను చదివింది తాళ్లరేవు పక్కన ఒక ఊళ్లో, హైస్కూలు, తెలుగు మీడియం. నాన్న రొయ్యల చెరువుల దగ్గర కాపలా. ఎనిమిదో తరగతిలో మాకో ఇంగ్లీషు మేష్టారు వచ్చారు. ఆయన శనివారం ఆఖరి పీరియడు పాఠం చెప్పేవారు కాదు. బోర్డు మీద మన జిల్లాల్లో ఊరి పేరు ఒకటి ఇంగ్లీషులో రాసి, "ఇందులో ఎన్ని మాటలున్నాయో తీయండర్రా" అనేవారు. రూల్సు నాలుగు. ఒకటి, పేరులో ఒక అక్షరం ఎన్నిసార్లు ఉందో అన్నిసార్లే వాడాలి. రెండు, మాటకి కనీసం నాలుగక్షరాలు ఉండాలి. మూడు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చెల్లవు. నాలుగోదే కష్టం, మాట చెప్పినవాడు తెలుగులో అర్థం కూడా చెప్పాలి. "అర్థం చెప్పలేని మాట నీది కాదురా, డిక్షనరీది" అనేవారు. ఎక్కువ మాటలు తీసినవాడికి సోమవారం తాపేశ్వరం కాజా. ఆయ్, నిజంగా తెచ్చేవారు, పేపర్లో చుట్టి.

ఆ ఆట మీరు కూడా ఇప్పుడు కొంచెం ఆడండి. ఏలూరు తీసుకోండి. ఇ, ఎల్, యు, ఆర్, యు. అందులో రూల్ ఉంది, లూర్ ఉంది. లూర్ అంటే ఆశపెట్టి లాగడం. తణుకులో ట్యాంక్ ఉంది, ట్యూనా చేప ఉంది. అమలాపురంలో లాంప్ ఉంది, అలారం ఉంది, పామ్ కూడా ఉంది. పామ్ అంటే తాటి, కొబ్బరి జాతి చెట్టు. కోనసీమ నడిబొడ్డు ఊరి పేర్లోనే కొబ్బరి జాతి ఉంది చూశారా. పాలకొల్లులో అయితే ఏకంగా కోలా ఉందండీ, ఆస్ట్రేలియాలో చెట్టెక్కి పడుకునే జంతువు. పాలకొల్లు నుంచి వచ్చిన మా బెంచీవాడు ఆ రోజంతా కాలరెగరేసుకుని తిరిగాడు.

ధవళేశ్వరంలో ఏముంది చెప్పండి? డామ్. డి, ఏ, ఎమ్. మూడక్షరాలే కాబట్టి మా రూల్ ప్రకారం చెల్లదు. కానీ మేష్టారు దానికి కాజా ఇచ్చేశారు. కాటన్ దొర ఆనకట్ట కట్టిన ఊరి పేర్లో డామ్ కనిపెట్టినవాణ్ణి ఖాళీ చేతుల్తో ఎలా పంపుతారు?

రాజమండ్రి మాత్రం పెద్ద గని. పాత స్పెల్లింగ్, ఆర్, ఏ, జె, ఏ, హెచ్, ఎమ్, యు, ఎన్, డి, ఆర్, వై. పదకొండు అక్షరాలు. హ్యాండీ, హార్డీ, హ్యూమన్, డ్రామా, హుర్రే, ముద్ర. ముద్ర కూడా ఇంగ్లీషు డిక్షనరీలో ఉందండీ, మన మాటే అక్కడికి వెళ్లింది. అలాగే ధర్మ ఉంది, ధర్నా కూడా ఉంది. రెండూ ఇంగ్లీషు డిక్షనరీల్లో ఉన్న మాటలే, రెండూ రాజమండ్రిలో దొరుకుతాయి. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అని అధికారికంగా మారింది కదా. ఆ స్పెల్లింగ్‌లో పదిహేడు అక్షరాలు, అందులో ఆరు ఏలు. పాత పేర్లో మహారాజా అనే మాట రాదు, ఏలు చాలవు. కొత్త పేర్లో వస్తుంది. వరండా కూడా వస్తుంది, చివర హెచ్ పెట్టి రాసే పాత స్పెల్లింగ్‌తో.

ఇంక గోదావరి. జి, ఓ, డి, ఏ, వి, ఏ, ఆర్, ఐ. రోడ్ ఉంది, రేడియో ఉంది, అవాయిడ్ ఉంది. అడాజియో ఉంది, సంగీతంలో నెమ్మదిగా వాయించమని చెప్పే మాట. గ్రావిడ్ ఉంది, అంటే గర్భంతో ఉన్న అని. వేసవిలో గోదారిని, ఆగస్టులో వరద గోదారిని చూసినవాళ్లకి ఈ రెండు మాటలూ ఎప్పటికీ మర్చిపోవడం కుదరదు.

ఒక శనివారం, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మేష్టారు కోరంగి రాశారు. మేం టకటకా చెప్పేశాం. గ్రెయిన్, అంటే ధాన్యం. కార్గో, అంటే ఓడ సరుకు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు కదా, ఇక్కణ్ణుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు ఎంతమందో. బర్మాలో తెలుగువాళ్లనే కోరంగీలు అని పిలిచేవారు. అలాంటి ఊరి పేర్లో కార్గో దొరకడం బావుంది అన్నారు మేష్టారు. సిగార్ అన్నాం, రేసింగ్ అన్నాం. అప్పుడాయన, "ఇందులో ఏడక్షరాల మాట ఒకటుంది. మొత్తం అక్షరాలు అయిపోతాయి. నేను చెప్పను. సోమవారం చెప్పినవాడికి డజను కాజాలు" అన్నారు.

సోమవారం ఎవరూ చెప్పలేదు. తర్వాత సోమవారం కూడా చెప్పలేదు. వేసవి సెలవుల్లో ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. మాట మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఎందుకు దొరకలేదో ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే మీకు కూడా దొరక్కపోతే చాలావరకు కారణం అదే. ఆ ఏడు అక్షరాల్నీ ఎన్ని రకాలుగా పేర్చొచ్చో తెలుసా? 5,040 రకాలుగా. సెకనుకొకటి చొప్పున పేరుస్తూ పోతే గంటా ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. రాజమండ్రి పాత స్పెల్లింగ్ అయితే 99,79,200 రకాలు. కోటికి కొంచెం తక్కువ. కాబట్టి పేర్చుకుంటూ పోతే లాభం లేదు, కన్ను ఎటు చూడాలో దానికి నేర్పాలి.

మన కళ్లకి తెలుగు అలవాటు. తెలుగులో గోదావరి అంటే నాలుగే ముక్కలు, గో, దా, వ, రి. హల్లూ అచ్చూ కలిసి ఒక్క అక్షరం అయిపోతాయి. ఇంగ్లీషులో రాసినా సరే, మన కన్ను దాన్ని అలాగే ముక్కలు చేసుకుంటుంది. సి, ఓ కలిపి 'కో'. ఆర్, ఐ, ఎన్ కలిపి 'రిన్'. జి, ఏ కలిపి 'గ'. ఏడు అక్షరాలు మన కంటికి మూడు ముద్దలు. ఆ ముద్దల్నే అటూ ఇటూ తిప్పుతాం. గకోరిన్, రింగకో. ఏమొస్తుంది? ఏమీ రాదు. ముద్ద విడగొట్టకపోతే మాట రాదు.

రెండోది. తెలుగు అజంత భాష అంటారు కదా, అంటే మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే మనకి తెలీకుండానే చివర ఏ గానీ, ఐ గానీ, యు గానీ ఉంచేసి వెతుకుతాం. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లు శబ్దంతో ఆగిపోతాయి. ఊరి పేరులో చివరున్న ఏని తీసి మధ్యలో పడేయండి, సగం పని అయిపోతుంది. కోరంగి విషయంలో నేను ఆ ఏని చివరి నుంచి కదపనేలేదు.

అయితే ఏం చేయాలి? నేను ఇప్పుడు చేసే పద్ధతి చెప్తాను.

మొదట, అక్షరాల్ని వరసలో రాయకండి. గుండ్రంగా రాయండి, గడియారంలో అంకెల్లాగా. వరస ఉన్నంతసేపు కన్ను ఆ వరసనే చదువుతుంది. గుండ్రంగా రాస్తే మొదలూ చివరా ఉండవు, ముద్దలు వాటంతటవే విడిపోతాయి.

తర్వాత, అచ్చులు ఒక పక్క, హల్లులు ఒక పక్క లెక్కపెట్టుకోండి. కోరంగిలో ఓ, ఐ, ఏ మూడు అచ్చులు, నాలుగు హల్లులు. అంటే మాట మూడు ముక్కలుగా పలుకుతుందని అంచనా. అదొక దారి.

మూడోది తోకలు. ఇంగ్లీషు మాటలకి చివర తగిలే తోకలు కొన్ని ఉంటాయి. ఐఎన్‌జి, ఇడి, ఇఆర్, ఎల్‌వై, టిఐఓఎన్, ఐసి, ఏఎల్. మీ అక్షరాల్లో ఏ తోక ఉందో చూసి దాన్ని పక్కకి తీసేయండి. మిగిలిన అక్షరాలు తక్కువ కాబట్టి తేలిగ్గా కనపడతాయి. కానీ ఒక జాగ్రత్త, మొదట కనపడిన తోక పట్టుకుని కూర్చోకూడదు. కోరంగిలో ఐఎన్‌జి ఉంది చూశారా? అదే ఉచ్చు. దాన్ని తీస్తే సి, ఓ, ఆర్, ఏ మిగుల్తాయి. వాటితో ఏమీ అవ్వదు. నేను ఆ తోక పట్టుకునే వదల్లేదు. రెండో తోక కూడా అక్కడే ఉంది. అది మీరే చూడండి, ఇంకో రెండు నిమిషాల్లో చెప్పేస్తాను.

నాలుగోది జంటలు. సిహెచ్, ఎస్‌హెచ్, టిహెచ్, సికె ఇలాంటివి కలిసి తిరుగుతాయి. క్యూ ఉంటే పక్కన యు కోసం చూడండి.

అయిదోది, ఏ అక్షరాలు మామూలుగా ఎక్కువ వాడతారో తెలిసుండటం. దీని వెనక కథ బావుంటుంది. అమెరికాలో 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్ట్‌కి ఉద్యోగం పోయింది. ఖాళీగా కూర్చోకుండా ఒక మాటల ఆట తయారుచేద్దామనుకున్నాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో తెలియాలి కదా, న్యూస్‌పేపర్ పేజీలు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. ఆ ఆటకే తర్వాత 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చాడు. మొత్తం 100 బిళ్లలు. అందులో ఇ పన్నెండు, ఏ తొమ్మిది, ఐ తొమ్మిది, ఓ ఎనిమిది. ఎన్, ఆర్, టి ఆరేసి. క్యూ ఒకటే, జెడ్ ఒకటే, వాటికి పదేసి పాయింట్లు. వర్డిల్‌లో మొదటి మాట వేసేటప్పుడు కూడా ఈ లెక్కే పనికొస్తుంది. బాగా తిరిగే అక్షరాలున్న మాట వేస్తే ఎక్కువ ఆచూకీ దొరుకుతుంది. మన ఊళ్ల పేర్లలో ఏ మరీ ఎక్కువ, ఇ తక్కువ. కాకినాడలో మూడు ఏలు, రెండు కె-లు. అందుకే అందులో కైండ్, అకిన్ లాంటివి కొన్నే దొరుకుతాయి.

మరి ఫోను ఒక్క సెకన్లో ఎలా చెప్తోంది? అది 5,040 రకాలూ పేర్చనక్కర్లేదండీ. ఒక తెలివైన పని చేస్తారు. డిక్షనరీలో ప్రతి మాట అక్షరాల్నీ ఏబిసిడి వరసలో పెట్టేసుకుని ముందే ఒక పట్టిక రాసుకుంటారు. మీరు కోరంగి కొట్టగానే దాన్ని కూడా వరసలో పెడతారు, ఏ, సి, జి, ఐ, ఎన్, ఓ, ఆర్. పట్టికలో ఇదే వరస ఎవరి దగ్గరుందో చూస్తారు, అంతే. ఒక్క చూపు. చిన్న మాటలు కావాలంటే, ప్రతి మాటకీ కావాల్సిన అక్షరాలు మీ దగ్గర సరిపడా ఉన్నాయా అని లెక్క చూస్తారు. మామూలు డిక్షనరీకి ఈ పని రాదు, ఎందుకంటే అందులో మాటలు మొదటి అక్షరం నుంచి వరసగా ఉంటాయి. మన రాజమండ్రిలో కూడా కొన్నాళ్లు పనిచేసిన బ్రౌన్ దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరం కూడా అదే. అంత పెద్ద పుస్తకం తెరిచినా, మొదటి అక్షరం తెలిస్తేనే కదా లోపలికి వెళ్లేది. మొదటి అక్షరం ఏదో తెలీనప్పుడు ఏం చేయాలన్నదే ఈ ఆటంతా.

ఇప్పుడు బస్సు కథ.

ఇంటర్ కూడా తెలుగు మీడియమే చదివాను. మార్కులు బాగానే వచ్చాయి, ముఖ్యంగా కర్బన రసాయన శాస్త్రంలో. తర్వాత కాకినాడలో బీఎస్సీలో చేరాను. క్లాసంతా ఇంగ్లీషు. లెక్చరర్ గారు బోర్డు మీద రాసేది రాసేది నోట్సులోకి బొమ్మ గీసినట్టు దించుకునేవాణ్ణి. పక్కవాళ్లు నవ్వుతారేమోనని ఒక్క డౌటూ అడగలేదు. పదిహేను రోజులకి చిన్న టెస్టు పెట్టారు. పాతికకి మూడు వచ్చాయి. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదండీ, ప్రశ్నే అర్థం కాలేదు.

పేపరు ఇచ్చిన సాయంత్రం యానాం బస్సెక్కాను. కిటికీ సీటు. ఆ రాత్రి నాన్నకి చెప్పేద్దామనుకున్నాను, "నాన్నా, రేపట్నుంచి చెరువుకి నేనూ వస్తాను" అని. మాటలు కూడా సర్దుకున్నాను. ఒళ్లో నోట్సు. దాని అట్ట మీద మొదటి రోజు ఎంతో శ్రద్ధగా పెద్దక్షరాల్లో రాసుకున్న సబ్జెక్టు పేరు. కోరంగి దగ్గర బస్సాగింది. ఎవరో బుట్టలు దింపుకుంటున్నారు, ఆలస్యమవుతోంది. కిటికీలోంచి చూస్తే అభయారణ్యం బోర్డు. తెలుగులో కోరంగి, కింద ఇంగ్లీషులో కోరింగ. నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్న పేరే. ఏమీ తోచక ఆ అక్షరాలు చూశాను, ఒళ్లో అట్ట చూశాను. మళ్లీ బోర్డు చూశాను.

అట్ట మీద ఉన్నది ఆర్గానిక్. ఓ, ఆర్, జి, ఏ, ఎన్, ఐ, సి.

వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను. ఏడూ సరిపోయాయి. రెండో తోక ఐసి అన్నమాట. దాన్ని తీసేస్తే మిగిలేది ఆర్గాన్. ఆర్గాన్, ఐసి. అంతే. బోర్డు మీద ముందున్న సి అట్ట మీద చివరికి పోయింది, చివరున్న ఏ మధ్యకి వచ్చింది.

మీరు నమ్మండి నమ్మకపోండి, నేను గట్టిగా నవ్వేశాను. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏమైంది బాబూ?" అన్నారు. ఏం చెప్పను?

బస్సు కదిలాక ఇంకో ఆలోచన వచ్చింది. నవ్వాగిపోయింది. మేష్టారు కోరంగి రాసిన రోజున ఆ మాట నాకు ఎందుకు దొరకలేదు? అప్పటికి ఆర్గానిక్ అనే మాట నాకు తెలీదు. సరే. మరి ఆ తర్వాత ఇంటర్లో రెండేళ్లు నేను చదివింది ఏంటి? అదే కదా. కర్బన రసాయనం అంటే ఆర్గానిక్ కెమిస్ట్రీయే కదా. సబ్జెక్టు నాకు వచ్చు. పేరు ఒక్కటే వేరే అక్షరాల్లో ఉంది. పాతికకి మూడు వచ్చింది కెమిస్ట్రీ రాక కాదు, నాకు వచ్చినదాన్ని ఆ కొత్త అక్షరాల్లో గుర్తుపట్టలేక.

ఆ రాత్రి నాన్నకి ఏమీ చెప్పలేదు. లాంతరు దగ్గర కూర్చుని ఒక పాత నోట్సులో గీత కొట్టి రెండు వరసలు చేశాను. ఇటు ఇంటర్ పుస్తకంలోని తెలుగు మాట, అటు డిగ్రీ పుస్తకంలోని ఇంగ్లీషు మాట. ఆమ్లం, యాసిడ్. క్షారం, బేస్. ఉత్ప్రేరకం, కెటలిస్ట్. సమయోజనీయ బంధం, కోవలెంట్ బాండ్. రోజుకి పదిహేను. దీపావళి వచ్చేసరికి నోట్సు నిండిపోయింది. డిగ్రీ మూడేళ్లలోనే అయ్యింది. ఫస్టు క్లాసేం కాదు, కానీ అయ్యింది.

ఇప్పుడు అమెరికాలో జరిగే స్పెల్లింగ్ బీ పోటీలు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. అక్కడ మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా బాగా రాణిస్తున్నారు. 2024లో బృహత్ సోమ అనే పన్నెండేళ్ల తెలుగు అబ్బాయి ఆఖరి రౌండులో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. చూసేవాళ్లు "బట్టీ పట్టేశాడు" అనుకుంటారు. కానీ గమనించండి, ఆ పోటీలో పిల్లలు మాట వినగానే అడిగేది ఏంటి? ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది, అర్థం ఏంటి అని. గ్రీకు అయితే ఒక పద్ధతి, ఫ్రెంచి అయితే ఇంకో పద్ధతి. మాటని ముక్కలుగా చూడటం వాళ్లకి అలవాటు. ఆర్గాన్, ఐసి అని విడదీసినట్టే. మన పందికొక్కు కూడా బ్యాండికూట్ అయ్యి ఇంగ్లీషులోకి వెళ్లింది. ఆ సంగతి ఒకసారి తెలిశాక ఆ స్పెల్లింగ్ ఎవరైనా మర్చిపోగలరా?

మా మేనకోడలి ప్రశ్నకి వద్దాం. ఒక్క సెకన్లో ఫోను చెప్పేదానికి గంట ఎందుకు? నేను ఆ పిల్లకి ఫోన్ చేసి ఈ బస్సు కథంతా చెప్పాను. విని, "అయితే యాప్ వాడొద్దంటావా మావయ్యా?" అంది. వాడొద్దని నేననను అండీ. కోరంగి అక్షరాలు యాప్‌లో కొడితే ఆర్గానిక్ నాకు తొమ్మిదో తరగతిలోనే దొరికేది, డజను కాజాలు కూడా దొరికేవి. కానీ అర్థం తెలీని ఇంకో మాటగా దొరికేది. మర్చిపోయేవాణ్ణి. నాలుగేళ్లు వెతికాను కాబట్టే బస్సులో అది కంటికి ఆనింది.

అందుకని మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. మొదటి పది నిమిషాలు ఫోను తలకిందులుగా పెట్టాలి. కాగితం మీద గుండ్రంగా రాసి, తోకలు తీసి, దొరికినన్ని తీయాలి. తర్వాత యాప్ తెరవొచ్చు. అందులో వచ్చిన లిస్టులో తను వదిలేసిన మాటలు రెండు రకాలుగా ఉంటాయి. తెలిసీ కనపడనివి, అసలు తెలియనివి. తెలిసీ కనపడనివాటికి పక్కన టిక్కు పెట్టి, ఎందుకు కనపడలేదో చూసుకోవాలి. తెలియనివాటిలో ఒక్కటంటే ఒక్కటి ఎంచుకుని, తెలుగు అర్థంతో నోట్సులో రాసుకోవాలి. రోజుకొకటి. నెల రోజులైంది. మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, నాకు కనపడనివాటిలో ఎక్కువ అచ్చుతో మొదలయ్యేవే ఉంటున్నాయి" అంది. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆర్గానిక్ కూడా ఓతోనే కదా మొదలయ్యేది. పిల్ల నాకే పాఠం చెప్పింది.

మేష్టారు మళ్లీ కనపడ్డారా అని అడుగుతారేమో. కనపడ్డారు. నాలుగేళ్ల క్రితం రామచంద్రపురంలో ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర. బాగా పెద్దవారైపోయారు. కాళ్లకి దణ్ణం పెట్టి, ఏ స్కూలో, ఏ బ్యాచో చెప్పుకుని, "మేష్టారూ, కోరంగి. ఆర్గానిక్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం చూశారు. "అర్థం చెప్పరా" అన్నారు.

"కర్బన సంబంధమైనది మేష్టారూ. వ్యవసాయంలో అయితే సేంద్రియం."

ఆకులో ఉన్న కాజా తీసి నా చేతిలో పెట్టారు. "మిగతా పదకొండూ బాకీ" అన్నారు.

సరే అండీ, ఇవాళ్టికి మీకు కూడా ఒక ఊరు ఇచ్చి వెళ్తాను. మండపేట. ఎమ్, ఏ, ఎన్, డి, ఏ, పి, ఇ, టి, ఏ. తొమ్మిది అక్షరాలు. ఇందులో ఏడక్షరాల మాటలు కనీసం రెండున్నాయి. ఒకటి ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు టీవీలో పదిసార్లు వినపడుతుంది. రెండోది, ఎంత చెప్పినా పట్టిన పట్టు వదలనివాళ్లని అనే మాట, మా అమ్మమ్మకి సరిగ్గా సరిపోతుంది. చివరున్న ఏని కదపడం మర్చిపోకండి. పది నిమిషాలు ఫోను తలకిందులుగా పెట్టండి, ఆ తర్వాత కామెంట్లో రాయండి. అర్థంతో సహా రాయాలండోయ్. కాజాలు పంపలేను గానీ, వచ్చే ఎపిసోడ్లో మీ పేరు చదువుతాను. ఉంటానండీ, నమస్తే.